రెండో లైటు

సంపత్ రైఫిల్ మీద అప్పటికి ఒక్క లైటే ఉండేది. గొట్టం కింద బిగించిన తెల్లటి లైటు. దాని పని చూపించడం. రెండో లైటు పని మనిషిని ఆపడం. దాన్ని తయారుచేసింది అతని అక్క స్వరూప.

మొదటి పరీక్ష నల్లబండలో మూతపడిన ఐదో నంబరు బొగ్గుబాయిలో జరిగింది. బయట ఎండ మాడుస్తోంది. ఏటవాలు సొరంగంలో రెండు వందల అడుగులు దిగేసరికి ఎండ లేదు, వెలుతురు లేదు, పైకప్పు నుంచి కారే నీటిచుక్కల చప్పుడు తప్ప ఏమీ లేదు. స్వరూప ఒక ఇనప స్టాండు మీద లైటు నిలబెట్టి, కెమెరా సరిచేసి, ఎదుటి చీకటిలోకి కేక వేసింది.

"నడువురా! భయమైతున్నదా?"

"నువ్వే కొడుతున్నవ్ గదక్కా, భయమెందుకు?" అంటూ సంపత్ నడక మొదలుపెట్టాడు. అతని బూట్లు తడి బొగ్గుపొడి మీద కరకరలాడాయి.

స్వరూప బటన్ నొక్కింది. ఊదారంగు వెలుతురు ఒక్క క్షణం వణికి ఆరిపోయింది. అంతే, బూట్ల చప్పుడు ఆగిపోయింది. చీకట్లోనూ చూడగల కెమెరా తెరమీద సంపత్ కనిపిస్తున్నాడు. ఎడమకాలు ముందుకు పడింది, కుడిచేయి ఊపు సగంలో నిలిచింది. కళ్లు తెరిచే ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగో సెకను దాటగానే అతని ఒళ్లు ఒక్కసారిగా ముందుకు దూకింది. బాకీపడిన అడుగులన్నీ ఒకేసారి వేసెయ్యాలన్నట్టు రెండంగల్లో తూలుకుంటూ వచ్చి, మళ్లీ మామూలుగా నడిచాడు.

దగ్గరికొచ్చి, "ఏందక్కా, కొట్టలేదేంది?" అన్నాడు.

"కొట్టిన. నువ్వు ఆగినవ్."

"నేనెక్కడ ఆగిన? నడుసుకుంటనే వచ్చిన."

ఆమె వీడియో చూపించింది. అతను రెండుసార్లు చూసి, మూడోసారి చూస్తూ పగలబడి నవ్వాడు.

ఆ వెలుతురు కంటి గుండా వెళ్లి మెదడు ఒంటికి పంపే ఆజ్ఞను మధ్యదారిలో పట్టి ఉంచుతుంది. ఆజ్ఞ పంపిన మెదడు మాత్రం పని జరిగిపోయిందనే అనుకుంటుంది. ఆ తర్వాత నలభై మందిమీద పరీక్ష చేస్తే నలభై మందీ సంపత్ చెప్పిన మాటే చెప్పారు. నేను ఆగలేదు, నడుస్తూనే ఉన్నాను అని. స్వరూప నివేదిక ఏడో పేజీలో ఆ సంగతి రాసి, కింద తన అభిప్రాయం చేర్చింది: "ఆగిన సంగతి మనిషికి తెలియదు. కనుక భయపడడు. ఇది మేలైన లక్షణమే."

ఆమె ఈ పనికి పూనుకోవడానికి కారణం తమ్ముడే. అతను మూతపడిన బాయిల కాపలాకి పెట్టిన ప్రత్యేక దళంలో హెడ్ కానిస్టేబుల్. ఏడాది కిందట మూడో నంబరు బాయిలో కేబుళ్లు కోసుకుపోతున్న వాళ్లను పట్టుకోబోయి అతని స్నేహితుడు చనిపోయాడు. చీకట్లో ఎదురుపడ్డ దొంగ బెదిరి ఇనుపకడ్డీతో కొట్టాడు. వెనకున్న వాళ్లు బెదిరి కాల్చారు. ఇద్దరూ అక్కడే పోయారు. చంపాలని ఎవరూ రాలేదు. సంపత్ రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడోరోజు అక్కతో, "ఎదుటోడు ఎవడో సూసుకునేటందుకు నాలుగు సెకన్లు దొరికితే సాలక్కా. ఇద్దరు బతికేటోళ్లు" అన్నాడు. ఆమె పనిచేసే పరిశోధన కేంద్రంలో కంటిజబ్బుల కోసం చేసిన ఒక పాత ప్రయోగం ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

లైటు తయారైంది. దాన్ని ఎక్కడ పెట్టాలన్నది తేలలేదు. రైఫిల్ మీద ఇప్పటికే ఒక లైటు ఉంది. రెండోది కూడా దానిమీదే బిగించాలా, వేరే మనిషి చేతికివ్వాలా? వేరే మనిషికివ్వడమే మంచిదని స్వరూప మొదట పట్టుబట్టింది. దళంలో అంతమంది లేరన్నారు. సరే, రైఫిల్ మీదే పెట్టి రెండు బటన్లు పెడదామంది. చీకట్లో చేతొడుగు వేసుకున్న బొటనవేలు ఏ బటన్ ఎక్కడుందో వెతుక్కుంటోందని కానిస్టేబుళ్లు మొరపెట్టుకున్నారు. చివరికి సంపతే వచ్చి అడిగాడు.

"ఒక్కటే బటన్ పెట్టక్కా. నొక్కంగనే రెండూ రావాలె. గాబరాల ఉన్నోనికి రెండు బటన్లు యాదికుంటయా?"

ఆమె ఒప్పుకుంది. బటన్ నొక్కి పట్టుకున్నంతసేపూ తెల్లలైటు వెలుగుతుంది. నొక్కిన ప్రతిసారీ మొదట్లో ఒక్క క్షణం రెండో లైటు వణుకుతుంది. నొక్కాలి, నాలుగు లెక్కపెట్టాలి, అప్పుడు చేతులెత్తమనాలి. శిక్షణలో చెప్పింది అంతే.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో మాంసం కూర. వాళ్ల నాయన ఓదెలు ముప్ఫై రెండేళ్లు బాయిలో దిగిన మనిషి. బొగ్గుపొడికి దగ్గు పట్టుకుంది గాని మాట ఇంకా గట్టిదే. సంపత్ ఫోనులో కొత్త రైఫిల్ ఫోటో చూపించాడు. ముసలాయన కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"ఈ కిందది దేనికి?"

"సూడనీకి నాయినా."

"పక్కది?"

"ఆపనీకి."

"రెండూ నువ్వే నొక్కుతవా?"

"ఒక్కటే బటన్. రెండొస్తయ్."

ఓదెలు ఫోను తిరిగిచ్చేశాడు. "మా బాయిల మందిని దించేటప్పుడు గంట కొట్టేటోడు ఒకడు, ఇంజను నడిపేటోడు ఒకడు. ఒక్కడే రెండు పనులు జేస్తే మందిని సంపుతడని గట్ల పెట్టిన్రు. నువ్వు సదువుకున్నదానివి బిడ్డా, నీకు తెల్వనిదా?"

"ఇది ఎవల్ని సంపదు నాయినా. అందుకే చేసిన" అంది స్వరూప.

ఆయన పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు. ముక్క నమలలేక పక్కన పెట్టాడు.

మూడు నెలలు ఆమె మాటే నిజమైంది. ఆరు రైఫిళ్లకు లైట్లు బిగించారు. పదకొండు మంది పట్టుబడ్డారు. ఒక్క తూటా పేలలేదు. పట్టుబడ్డవాళ్లు కళ్లు మూసి తెరిచేలోపు పోలీసులు ఎట్లా మీదికొచ్చారో తెలియక బిత్తరపోయి చూసేవారు. కేంద్రం డైరెక్టర్ వేణుమాధవ్ గారు స్వరూపను గదికి పిలిచి తనే టీ పోసిచ్చారు. "పదకొండు ప్రాణాలమ్మా. మీ చేతిమీదుగా" అన్నారు. ఇంకో అరవై రైఫిళ్లకు లైట్లు కావాలని పైనుంచి కాగితం వచ్చింది.

తర్వాతి నెలలో ఒక పొద్దున పదకొండింటికి ఐదో నంబరు బాయిలో గుండేటి మొగిలి చనిపోయాడు.

మొగిలికి యాభై దాటాయి. ఒకప్పుడు అదే బాయిలో కాంట్రాక్టు కూలి. బాయి మూతపడ్డాక, మిగిలిన గోడల్లోంచి గడ్డపారతో బొగ్గు పెళ్లగించి, సంచికెత్తి ఇటుకబట్టీలకు మోసేవాడు. అట్లా బతికే కుటుంబాలు నల్లబండలో వందదాకా ఉన్నాయి.

ఏం జరిగిందో సంపత్ ఆ సాయంత్రం చెప్పాడు. చెప్పాల్సినవాళ్లందరికీ అప్పటికే చెప్పి ఉన్నాడు కాబట్టి మాటలు వరుసగా వచ్చాయి.

"లైటేసిన. ఆగిండు. చేతిల గడ్డపార ఉన్నది. నాలుగు లెక్కపెట్టి చేతులెత్తుమన్న. ఎత్తలే. గట్టిగ ఒర్రిన. ఎత్తలే. నాదిక్కే సూస్తున్నడక్కా, కన్ను గూడ ఆర్పుతలేడు. మూడోసారి ఒర్రినంక ఒక్కసారి గడ్డపార లేపి మీదికొచ్చిండు. కాల్చిన."

ఓదెలు మంచంమీద అటు తిరిగి పడుకున్నాడు. స్వరూప తమ్ముడి భుజంమీద చెయ్యి వేసింది. అతను ఆ చేతిని తట్టి, "నేను మంచిగనే ఉన్న. మూడుసార్లు చెప్పిన గదా. పెద్దసారు గూడ శభాష్ అన్నడు" అన్నాడు.

ప్రతి లైటులోనూ ఒక చిన్న చిప్ ఉంటుంది. బటన్ ఎప్పుడు నొక్కారో, తూటా పేలి రైఫిల్ ఎప్పుడు కుదిపిందో రాసుకుంటుంది. మర్నాడు సంపత్ రైఫిల్ లైటు పరీక్షకు వచ్చింది. స్వరూప ఆ అంకెలు తెరమీదికి తెచ్చి, ముందు మామూలుగా చూసి, తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుని చూసింది.

ఒక నొక్కు. ఐదు సెకన్ల తర్వాత ఇంకొకటి. మళ్లీ మూడు సెకన్లకు ఇంకొకటి. మళ్లీ మూడు సెకన్లకు ఇంకొకటి. ఆ చివరి నొక్కు తర్వాత నాలుగు సెకన్లు దాటీ దాటకముందే తుపాకీ కుదుపు.

మనిషి భయంతో గట్టిగా అరిస్తే వేళ్లు కూడా ఒకసారి వదులై బిగుసుకుంటాయి. సంపత్ చేతులెత్తమని అరిచిన ప్రతిసారీ అతని బొటనవేలు బటన్‌ను వదిలి మళ్లీ నొక్కింది. నొక్కిన ప్రతిసారీ రెండో లైటు వణికింది. ఎత్తమని అరిచిందీ సంపతే, ఎత్తకుండా పట్టి ఉంచిందీ సంపతే. మూడో కేక తర్వాత నాలుగు సెకన్లూ గడిచి మొగిలి ఒళ్లు విడివడింది. అంతసేపూ ఆగిపోయి ఉన్న చేతులు ఒక్కసారిగా పైకి లేచాయి, గడ్డపారతో సహా. ఒళ్లు ముందుకు తూలింది.

ఆమె ఆ అంకెలు డైరెక్టర్ ముందు పెట్టింది. ఆయన వాటిని రెండుసార్లు చదివారు. ఆయన చెడ్డమనిషి కాదు.

"బటన్లు వేరు చేద్దాం. లేదా, ఒకసారి నొక్కాక పది సెకన్లదాకా రెండోది మళ్లీ వెలగకుండా చేద్దాం. కష్టం కాదు కదా?"

"కాదు సార్. మరి ఇది?"

"నివేదికలో ఒక్క వాక్యం రాయండి. లైటు తయారుచేసిన విధంగానే పనిచేసింది అని."

"అంతేనా?"

"అందులో అబద్ధమేముందమ్మా? ఇప్పుడీ సంగతి బయటపడితే ఆరు లైట్లూ ఊడదీస్తారు. రేపు చీకట్లో ఇంకొకడు చస్తాడు. ఇంకో మాట కూడా ఆలోచించండి. మీ తమ్ముడు ఇప్పుడు ప్రశాంతంగా ఉన్నాడు."

నిజమే, ఆ వాక్యంలో అబద్ధం లేదు. స్వరూప మూడు రోజులు ఆ నివేదిక కాగితాన్ని సంచిలో వేసుకుని తిరిగింది. నాలుగోరోజు మధ్యాహ్నం తమ్ముణ్ని ప్రయోగశాలకు పిలిచింది.

కిటికీలు లేని పొడవాటి గది అది. గోడలకు నల్లరంగు. కట్టెతో చేసిన రైఫిల్ నమూనాకు లైట్లు బిగించి సంపత్ చేతికిచ్చింది. తను అవతలి గోడ దగ్గర ఒక అల్యూమినియం గొట్టం పట్టుకుని నిలబడింది.

"ఆ రోజు ఎట్ల చేసినవో అట్లనే చెయ్యి. అట్లనే ఒర్రు."

"ఎందుకక్కా ఇదంత?"

"నాకోసం చెయ్యిరా."

ఆమె దీపం ఆర్పింది. చీకటి. తెల్లటి వెలుతురు ముఖాన కొట్టింది, అందులో ఊదారంగు వణికింది.

"చేతులెత్తు!"

ఆమె ఎత్తింది. వెంటనే ఎత్తింది. గొట్టం బరువు తలమీదికి వెళ్లడం, భుజాల దగ్గర జాకెట్టు బిగుసుకోవడం స్పష్టంగా తెలిశాయి. ఎత్తిన గదరా, అనుకుంది.

"చేతులెత్తు!"

మళ్లీ ఎందుకు అరుస్తున్నాడు? ఎత్తే ఉన్నాను కదా. చెప్పాలనుకుంది. చెప్పాననే అనుకుంది.

"చేతులెత్తమంటుంటే!" సంపత్ గొంతు చీలింది. అది నటన కాదు, బాయిలోని గొంతే మళ్లీ వచ్చింది.

కొంచెం సేపటికి ఆమె భుజాలు ఎవరో గుంజినట్టు పైకి లేచాయి. గొట్టం తలమీదుగా ఎగిరి పైకప్పుకు తగిలింది. కాళ్లు రెండడుగులు ముందుకు తూలాయి. అప్పటిదాకా తన చేతులు కిందనే ఉన్నాయని ఆమెకు అప్పుడు తెలిసింది. ఏం జరుగుతుందో లెక్కలు కట్టి మరీ వచ్చి నిలబడ్డ మనిషికి కూడా తెలియలేదు.

కట్టె రైఫిల్ కిందపడ్డ చప్పుడైంది. ఆమె తడుముకుంటూ వెళ్లి దీపం వేసింది. సంపత్ గోడకు వీపు ఆనించి నేలమీద కూలబడి ఉన్నాడు.

"గట్లనే లేపిండక్కా. సరిగ్గ గట్లనే."

ఆమె ఎదురుగా కూర్చుంది.

"నన్ను కొట్టనీకి రాలే."

"రాలే."

"చేతులెత్తిండు."

"ఎత్తిండు. నువ్వు మొదలు చెప్పినప్పుడే ఎత్తిన అనుకొని ఉంటడు."

సంపత్ చాలాసేపు తన బొటనవేలు చూసుకున్నాడు. తర్వాత తలెత్తకుండానే అడిగాడు. "నాకెందుకు చెప్పినవక్కా? మంచిగ నిద్రపోతున్న గదా."

"ఇంకో అరవై రైఫిళ్లకు బిగిస్తున్నరురా. నువ్వు చెప్తే ఆగుతది."

"అంటే నాకోసం చెప్పలే."

తమ్ముడు అంత చిన్నగా మాట్లాడడం ఆమె ఎన్నడూ వినలేదు.

లైట్ల సంగతి తేల్చే అధికారుల కమిటీ మరుసటి సోమవారం కూర్చుంది. స్వరూప అంకెలు చూపించింది, నల్లగదిలో తీసిన తన వీడియో చూపించింది, నివేదిక ఏడో పేజీలో తను రాసిన మాటలు తనే పైకి చదివి, అవి తప్పని చెప్పింది. సంపత్ యూనిఫాంలో వచ్చి నిలబడి, "నేను కాల్చినప్పుడు ఆయన చేతులెత్తుతున్నడు సార్" అన్నాడు. ఒక పెద్ద అధికారి గ్లాసులో నీళ్లు తాగి, "తప్పు లైటుది కాదు, వేలుది" అన్నాడు. ఇంకొకాయన పదకొండు మంది లెక్క మళ్లీ చెప్పాడు. సాయంత్రానికి తీర్మానం తయారైంది. రెండు లైట్లూ రైఫిల్ మీదే ఉంటాయి. బటన్ ఒక్కటే ఉంటుంది. మార్చడానికి వ్యవధి లేదు. ఇకమీదట సిబ్బంది నాలుగుకు బదులు ఆరు లెక్కపెట్టాలి. సంపత్ మాటలు ఫైలులోకి ఎక్కలేదు. లైటు పనితీరు కాగితం మీద స్వరూప సంతకం పెట్టలేదు. ఇంకొకరు పెట్టారు.

మర్నాడు అక్కాతమ్ముళ్లిద్దరూ మొగిలి ఇంటికి వెళ్లారు. రేకుల ఇల్లు. మొగిలి భార్య సమ్మక్క వాకిట్లో సంచులు కుడుతోంది. సంపత్ మామూలు బట్టల్లో ఉన్నా ఆమె గుర్తుపట్టింది. దబ్బనం పక్కన పెట్టి లేచి నిలబడింది.

"మీ ఆయన నామీదికి రాలేదమ్మా. చేతులెత్తిండు. నేనే కాల్చిన" అన్నాడు సంపత్.

ఆ తర్వాత స్వరూప లైటు సంగతి వీలైనంత తేలిక మాటల్లో చెప్పింది. అంతా విన్నాక సమ్మక్క ఒక్కటే అడిగింది.

"ఎత్తిండా?"

"ఎత్తిండమ్మా."

"నాకెరికే. పోలీసు బండి సప్పుడైతెనే లేసి నిలబడే మనిషి. ఎత్తకుంట ఎట్లుంటడు? గడ్డపారతోని కొట్టనీకి వొయ్యిండని నా పిల్లల ముంగట చెప్పిన్రు." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, సంపత్ కళ్లలోకి చూసింది. "ఈ మాట బాయి గేటుకాడ అందరి ముంగట చెప్తవా?"

సంపత్ చెప్పాడు. సంచులూ పారలూ పట్టుకుని నిలబడ్డ వందమంది ముందు, తల వంచకుండా, జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఎవరూ అతన్ని తిట్టలేదు, కొట్టలేదు. ఒక ముసలామె మాత్రం, "ఆ లైటు పడితే మనం ఎత్తినట్టు మనకే అనిపిస్తదా కొడుకా?" అని రెండుసార్లు అడిగి తెలుసుకుంది. మూడోరోజు అతన్ని సస్పెండ్ చేశారు. దళం రహస్యాలు బయటపెట్టినందుకు కేసు పెట్టారు. అతను ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నాడు. నాయనకు మందులేస్తాడు, అన్నం వండుతాడు. అక్కతో మాట్లాడతాడు గాని అవసరమైనంతవరకే. స్వరూప ఉద్యోగం మానేసి, సమ్మక్క వేసిన కేసులో సాక్షిగా పేరిచ్చింది.

అరవై లైట్లూ వచ్చాయి. బిగించారు.

తర్వాతి నెలలో ఒకరోజు కోర్టు కాగితం మీద సమ్మక్క వేలిముద్ర కావలసి వచ్చింది. స్వరూప పొద్దున తొమ్మిదింటికి ఆమె ఇంటికి వెళ్తే తాళం వేసి ఉంది. బాయికి పోయిందని పక్కింటివాళ్లు చెప్పారు. స్వరూప మట్టిరోడ్డున ఐదో నంబరు వైపు నడిచింది. మలుపు తిరగ్గానే కనిపించారు. ముప్ఫై నలభై మంది, ఆడా మగా, ఒకరి వెనక ఒకరుగా సొరంగం నోటివైపు పోతున్నారు. ఖాళీ సంచులు నడుముకు చుట్టుకున్నారు. పారలు వీపుకు తాళ్లతో కట్టుకున్నారు. అందరి చేతులూ తలపైకి ఎత్తి ఉన్నాయి. చుట్టుపక్కల పోలీసు అన్నవాడు లేడు. ఎండ ఫెళ్లున కాస్తోంది.

వరసలో నాలుగో మనిషి సమ్మక్క. స్వరూప పరుగున వెళ్లి పక్కన నడుస్తూ, "ఇక్కడ ఎవలూ లేరు గదమ్మా. చేతులు దింపు" అంది.

సమ్మక్క ఆగలేదు. ఆమె చేతులు అలసటతో కొద్దికొద్దిగా వణుకుతున్నాయి.

"ఇప్పుడైతే ఎత్తినట్టు నాకు ఎరికైతున్నది బిడ్డా" అంది. "లోపటికి వొయ్యినంక ఎవలకెరిక?"

వరస ముందుకు కదిలింది. ఒక్కొక్కరే, ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండగా, చీకట్లోకి దిగిపోయారు.